చేతికి చుక్క తడి అంటకుండా మురికి నీళ్లలోకి.. డైవర్ల ‘డ్రై గ్లోవ్ రింగ్’ ఎలా పనిచేస్తుంది? పటమట ఆటోనగర్ మెకానిక్‌కి తెలిసిన కిటుకే ఇది!

విజయవాడ, పటమట: ఆటోనగర్‌లో ఆయిల్ సీల్స్ అమ్మే ఏ షాపుకైనా వెళ్లండి. గోడకి మేకులు, ఆ మేకులకి గుత్తులు గుత్తులుగా నల్లటి రబ్బరు రింగులు. చూడ్డానికి గాజుల్లా ఉంటాయి. రూపాయల్లో దొరికే ఆ ఓ-రింగ్ ఒక్కటి తెగితే లక్షల ఖరీదు చేసే లారీ హైడ్రాలిక్ జాకీ కూడా పనికిరాకుండా పోతుంది. ఈ విషయం పటమటలో ఏ మెకానిక్‌ని అడిగినా చెబుతాడు.

సరిగ్గా అలాంటి రబ్బరు రింగే నీళ్లలోకి దిగే డైవర్ చేతుల్ని కాపాడుతుందంటే నమ్ముతారా? డ్రైసూట్ వేసుకునే డైవర్లు వాడే ‘డ్రై గ్లోవ్ రింగ్ సిస్టమ్’ మొత్తం ఆ ఒక్క రింగ్ మీదే ఆధారపడి ఉంటుంది. ఇంతకీ ఏంటీ సిస్టమ్? ఎలా బిగిస్తారు? ఎలా వాడాలి? బెజవాడ లాంటి ఊరికి దీంతో పనేంటి? వివరంగా చూద్దాం.

ముందు ఒకసారి 2024 సెప్టెంబర్ గుర్తు చేసుకుందాం

2024 సెప్టెంబర్ మొదటి వారం. ఒకపక్క బుడమేరు పొంగి సింగ్ నగర్ సహా విజయవాడలో చాలా కాలనీలు రోజుల తరబడి నీళ్లలోనే ఉండిపోయాయి. మరోపక్క కృష్ణమ్మ ఉగ్రరూపం దాల్చింది. ప్రకాశం బ్యారేజీ దగ్గర వరద 11.43 లక్షల క్యూసెక్కులకు చేరింది. ఆ ప్రవాహంలో కొట్టుకొచ్చిన భారీ బోట్లు బ్యారేజీని ఢీకొట్టాయి. కొన్ని గేట్ల కౌంటర్‌వెయిట్లు దెబ్బతిన్నాయి. బోట్లు అక్కడే ఇరుక్కుపోయాయి.

వాటిని బయటికి తీయడం అంత ఈజీ కాలేదు. క్రేన్లతో లాగినా కదల్లేదు. చివరికి విశాఖ నుంచి వచ్చిన డైవర్లు నీటి అడుగుకి దిగి, కట్టర్లతో ఇనుముని కోయాల్సి వచ్చింది. టీవీల్లో జనం చూసింది పైన క్రేన్లు, తాళ్లు, అధికారుల హడావుడి. అసలు పని జరిగింది కింద, బురద నీళ్లలో, పక్కనున్న మనిషి కూడా కనపడని చోట.

అలాంటి నీళ్లలో డైవర్‌కి కళ్లు పనిచేయవు. అతనికి చేతులే కళ్లు. ఇనుప రేకు అంచు ఎక్కడుందో, తాడు ఎక్కడ చుట్టుకుందో తడిమి తెలుసుకోవాల్సిందే. అంటే ఒంట్లో అన్నింటికన్నా ముందు దెబ్బ తగిలేది, మురికి అంటేది చేతులకే.

మన నీళ్లు చల్లగా ఉండవు కదా.. మరి గ్లోవ్ ఎందుకు?

మంచి ప్రశ్నే. నిజానికి డ్రై గ్లోవ్స్ ఎక్కువగా వాడేది చల్లటి నీళ్ల దేశాల్లో. నీరు గాలి కంటే దాదాపు 25 రెట్లు వేగంగా ఒంట్లో వేడిని లాగేస్తుంది. నార్వే, స్వీడన్ తీరాల్లో, తెలుగువాళ్లు బాగా స్థిరపడిన అమెరికాలోని సియాటెల్ పక్కన ప్యూజెట్ సౌండ్ సముద్రంలో డైవ్ చేసేవాళ్లకి పది నిమిషాల్లో వేళ్లు కొయ్యబారిపోతాయి. వేళ్లు మొద్దుబారితే వాల్వ్ నొక్కలేరు, క్లిప్ విప్పలేరు. అక్కడ అది ప్రాణం మీదకి వచ్చే వ్యవహారం.

కృష్ణా నదిలో ఆ సమస్య లేదు. ఇక్కడ శత్రువు చలి కాదు, మురికి. బెజవాడ మధ్యలోంచి ఏలూరు, రైవస్, బందరు కాలువలు పోతున్నాయి. వరద తగ్గాక ఆ నీళ్లలో ఏముంటుందో ఊళ్లో అందరికీ తెలుసు. డ్రైనేజీ, డీజిల్, చచ్చిన పశువులు, పగిలిన గాజు, రేకులు. ఎలుకల మూత్రం కలిసిన నీళ్ల వల్ల వచ్చే లెప్టోస్పైరోసిస్, అదే ర్యాట్ ఫీవర్, చర్మం మీద చిన్న గీతలోంచి కూడా ఒంట్లోకి ప్రవేశిస్తుంది. గంటల తరబడి నీళ్లలో నానిన చర్మం మెత్తబడి ఇంకా తేలిగ్గా తెగుతుంది. బట్టలు ఉతికిన రోజు వేళ్లు ముడతలు పడటం చూసే ఉంటారు. డైవర్ చేతులు రోజంతా అలాగే ఉంటాయి.

అందుకే మురికి నీళ్లలో దిగేవాళ్ల విషయంలో ప్రపంచవ్యాప్తంగా పాటించే పద్ధతి ఒకటే. ఒంటికి నీరు తగలకూడదు. అమెరికా నేవీ అయితే కలుషిత నీళ్లలో డైవింగ్ కోసం ప్రత్యేకంగా ఒక గైడ్ తయారు చేసుకుంది.

వెట్‌సూట్ వేరు, డ్రైసూట్ వేరు

చాలామంది సినిమాల్లో చూసేది వెట్‌సూట్. ఒంటికి అతుక్కునే స్పాంజి లాంటి రబ్బరు డ్రెస్. దాంట్లోకి నీళ్లు వస్తాయి. ఆ పల్చటి నీటి పొర ఒంటి వేడికి వెచ్చబడుతుంది. మురికి నీళ్లకి ఇది పనికిరాదు. వచ్చే నీళ్లే మురికి మరి!

డ్రైసూట్‌లోకి నీళ్లు రావు. లోపల గాలి ఉంటుంది. మెడ దగ్గర, మణికట్టు దగ్గర పల్చటి రబ్బరు పట్టీలు చర్మాన్ని గట్టిగా పట్టుకుంటాయి. వీటినే సీల్స్ అంటారు. లేటెక్స్, సిలికాన్, నియోప్రీన్ రకాలు ఉంటాయి. కాళ్లకి సూట్‌తో కలిసిపోయిన సాక్సో, బూట్లో ఉంటాయి.

అయితే చూడండి, మణికట్టు సీల్ దాటాక చెయ్యి బయటే ఉంటుంది. ఒళ్లంతా పొడిగా ఉన్నా చేతులు మాత్రం నీళ్లలోనే. ఆ లోటు తీర్చడానికే డ్రై గ్లోవ్ వచ్చింది. గ్లోవ్‌ని సూట్ చేతికి రింగుల ద్వారా తాళం వేసినట్టు బిగించేస్తారు. దాంతో సూట్, గ్లోవ్ రెండూ కలిసి ఒకే సంచి అయిపోతాయి.

రింగ్ సిస్టమ్‌లో ఏమేం ఉంటాయి?

బ్రాండ్‌ని బట్టి తేడాలున్నా ముఖ్యమైన పార్టులు నాలుగు.

1. సూట్ వైపు రింగ్: సూట్ చేతి అంచుకి బిగించే గట్టి రింగ్. ప్లాస్టిక్‌తో కానీ అల్యూమినియంతో కానీ చేస్తారు.

2. గ్లోవ్ వైపు రింగ్: గ్లోవ్ అంచుని దీని మీదకి సాగదీసి ఎక్కిస్తారు.

3. ఓ-రింగ్: రెండు రింగుల మధ్య గాడిలో కూర్చునే రబ్బరు. హీరో ఇదే.

4. గ్లోవ్, లోపలి లైనర్: బయట నీరు చొరబడని పీవీసీ, నైట్రైల్ లేదా రబ్బరు గ్లోవ్. లోపల బట్ట లేదా ఉన్ని గ్లోవ్.

ఇక ఓ-రింగ్ ఎలా పనిచేస్తుందంటే.. కుక్కర్ మూతలో గాస్కెట్ గుర్తు తెచ్చుకోండి. మూత బిగించగానే రబ్బరు కొంచెం నలిగి సందు మూసేస్తుంది. లోపల ఆవిరి పెరిగేకొద్దీ రబ్బరుని ఇంకా గట్టిగా సందులోకి నెడుతుంది. ఓ-రింగ్ కూడా అంతే. గాడిలో కొంచెం నలిగి కూర్చుంటుంది. నీటి ఒత్తిడి పెరిగితే ఇంకా బిగుస్తుంది.

కానీ ఒక చిన్న వెంట్రుక అడ్డం పడినా ఆ బిగింపు పోతుంది. రబ్బరు గట్టిపడినా పోతుంది. 1986 జనవరి 28న అమెరికా అంతరిక్ష నౌక ఛాలెంజర్ కూలిపోయి ఏడుగురు చనిపోవడానికి కారణం ఏంటో తెలుసా? రాకెట్ జాయింట్‌లో ఓ-రింగ్ చలికి బిగుసుకుపోయి సీల్ కాకపోవడమే. రింగ్ చిన్నదే కావచ్చు, అది ఫెయిలైతే జరిగేది చిన్నది కాదు.

ఎన్ని రకాలు?

మార్కెట్లో ముఖ్యంగా మూడు పద్ధతులు కనిపిస్తాయి.

నొక్కి బిగించేవి: ఒక రింగ్‌ని ఇంకో రింగ్‌లోకి నొక్కితే ఓ-రింగ్ పట్టుతోనే నిలబడుతుంది. విడిగా లాక్ ఉండదు. కూబి అనే బ్రాండ్ అల్యూమినియం రింగులు ఈ పద్ధతికి పేరు పొందాయి. పార్టులు తక్కువ, కడగడం తేలిక.

తిప్పి లాక్ చేసేవి: సీసా మూతలా కొంచెం తిప్పితే లాక్ పడుతుంది. రోలాక్ ఈ కోవకి చెందింది. లాక్ పడిందో లేదో చేతికి తెలుస్తుంది. అయితే లాక్‌లో ఇసుక చేరితే ఇబ్బంది.

మార్చుకునే సీల్స్‌తో వచ్చేవి: స్వీడన్ కంపెనీ సైటెక్ తయారు చేసే క్విక్ కఫ్ లాంటివి. మణికట్టు సీల్ చిరిగితే గమ్ము, రిపేరు షాపు అవసరం లేకుండా ఒడ్డునే కొత్తది ఎక్కించుకోవచ్చు. గ్లోవ్ రింగ్ కూడా అదే చోట బిగుస్తుంది.

ఏది బెస్ట్ అంటే.. చెయ్యి రింగ్‌లోంచి సులువుగా దూరేది, గ్లోవ్ వేసుకున్న చేత్తో కూడా విప్పగలిగేది, ఊళ్లో స్పేర్ ఓ-రింగ్ దొరికేది. ఈ మూడూ చూసుకోవాలి. గాజులు వేయించుకునేటప్పుడు మణికట్టు సైజు కాదు, అరచెయ్యి వెడల్పు చూస్తారు కదా! రింగ్ కొనేటప్పుడు కూడా అదే లెక్క.

బిగించడం ఎలా? స్టెప్ బై స్టెప్

స్టెప్ 1 – గోళ్లు, గాజులు, ఉంగరాలు: పని మొదలుపెట్టే ముందే గోళ్లు కత్తిరించుకోవాలి. ఉంగరాలు, వాచ్, చేతి దారం తీసేయాలి. లేటెక్స్ సీల్ బెలూన్ లాంటిది. గోరు గుచ్చుకుంటే అంతే సంగతులు.

స్టెప్ 2 – సూట్ వైపు రింగ్: కంపెనీ చెప్పిన వరుసలోనే సూట్ అంచుని రింగ్ మీదకి సాగదీసి ఎక్కించాలి. ముడత లేకుండా చుట్టూ వేలితో తడిమి సర్దాలి. ముడత ఉందంటే అది నీటికి దారి అన్నట్టే. సూట్‌తోపాటు వచ్చిన మణికట్టు సీల్‌ని మాత్రం తీసేయొద్దు. ఎందుకో కిందకి వెళ్లాక తెలుస్తుంది.

స్టెప్ 3 – గ్లోవ్ వైపు రింగ్: గ్లోవ్ లోపల లైనర్ వేసుకోవాలి కాబట్టి ఒక సైజు పెద్దది తీసుకోవాలి. గ్లోవ్ అంచుని రింగ్ మీదకి ఎక్కించేటప్పుడు బొటనవేలు ఎటు వస్తుందో చూసుకోవాలి. లాక్ వేశాక బొటనవేలు వంకరగా వస్తే డైవ్ అంతా నరకమే. పైన పెన్నుతో చిన్న గుర్తు పెట్టుకుంటే ప్రతిసారీ వెతుక్కోనక్కర్లేదు. కుడి, ఎడమ కూడా రాసుకోండి.

స్టెప్ 4 – ఓ-రింగ్: రింగ్‌ని గాడిలోంచి తీసి, వెలుతురులో పట్టుకుని వేళ్ల మధ్య తిప్పుతూ చూడాలి. గీత, పగులు, చదునుగా నొక్కుకుపోయిన చోటు కనిపిస్తే పక్కన పడేయండి. తీయడానికి స్క్రూడ్రైవర్, పిన్నీసు వాడొద్దు. గాడిలో గీత పడితే రింగ్ మార్చినా లీకు ఆగదు. గాడిని మెత్తటి గుడ్డతో తుడిచి, ఇసుక రేణువు కూడా లేదని చూసుకోవాలి.

స్టెప్ 5 – గ్రీజు: వేలికొస అంత చాలు. ఓ-రింగ్ మీద మెరుపు కనిపించాలి, జిడ్డు కనిపించకూడదు. ఎక్కువ రాస్తే మట్టి, దారప్పోగులు అతుక్కుంటాయి.

ఏ గ్రీజు? ఇక్కడే చాలామంది పొరపాటు పడేది

ఇంట్లో ఉంది కదా అని వేజలైనో, కొబ్బరి నూనో రాసేయొద్దు. ఆటోనగర్‌లో దొరికే బేరింగ్ గ్రీజు అసలే వద్దు. ఇవన్నీ లేటెక్స్ సీల్‌కి పడవు. పెట్రోలియం గ్రీజులైతే లేటెక్స్‌ని ఉబ్బించి, జిగటగా మార్చి, చివరికి చింపేస్తాయి. పైకి బాగానే కనిపిస్తుంది, నీళ్లలో పుటుక్కుమంటుంది.

ఓ-రింగ్ నైట్రైల్ రబ్బరుది అయితే సిలికాన్ గ్రీజు వాడతారు. అయితే ఇక్కడా ఒక మెలిక ఉంది. సూట్ సీల్స్ సిలికాన్‌వి అయితే సిలికాన్ గ్రీజు వాటికి తగలకూడదు. అవి ఉబ్బిపోతాయి. అలాగే గమ్ముతో అంటించే లేటెక్స్ సీల్ అంచులకి సిలికాన్ తగిలితే తర్వాత రిపేరులో గమ్ము పట్టదు. అందుకే గ్రీజు ఓ-రింగ్‌కే పరిమితం. సీల్స్ సులువుగా జారడానికి వాసన లేని టాల్కం పౌడర్ వాడుకోవచ్చు.

గ్లోవ్‌లో గాలి సంగతేంటి?

రింగులు బిగించేశాం, నీళ్లు రావు, పని అయిపోయింది అనుకుంటే పొరపాటే. లోపల ఉన్న గాలితో ఇంకో తలనొప్పి ఉంది.

నీళ్లలో కిందకి వెళ్లేకొద్దీ ఒత్తిడి పెరిగి గాలి నలిగిపోతుంది. 10 మీటర్ల లోతులో గాలి సగానికి తగ్గుతుంది. 20 మీటర్లలో మూడో వంతు, 30 మీటర్లలో నాలుగో వంతే మిగులుతుంది. సూట్‌లోకి అయితే సిలిండర్ నుంచి గాలి ఎక్కించుకోవచ్చు. కానీ గ్లోవ్‌కి, సూట్‌కి మధ్య మణికట్టు సీల్ అడ్డుంది. ఆ గాలి గ్లోవ్‌లోకి రాదు. దాంతో గ్లోవ్ చేతికి ప్లాస్టిక్ కవర్‌లా అతుక్కుపోయి వేళ్లని పిండేస్తుంది. వేళ్లు వంగవు, నొప్పి, చర్మం మీద ఎర్రటి గుర్తులు. డైవర్లు దీన్నే స్క్వీజ్ అంటారు.

ప్రకాశం బ్యారేజీ దగ్గర పూర్తి నీటిమట్టం 12 అడుగులు. ఇంత తక్కువ లోతులో కూడా గాలి దాదాపు పావు వంతు తగ్గిపోతుంది. లోతు తక్కువే కదా అనడానికి లేదన్నమాట.

దీనికి డైవర్లు కనిపెట్టిన చిట్కా చాలా సింపుల్. సెలైన్ పైపు లాంటి మెత్తటి సన్న ట్యూబ్ ముక్కని మణికట్టు సీల్ కింద పెడతారు. ఒక కొస సూట్ వైపు, ఒక కొస గ్లోవ్ వైపు. ఆ సందులోంచి గాలి అటూ ఇటూ తిరుగుతుంది. చెయ్యి పైకెత్తితే గాలి గ్లోవ్‌లోకి వస్తుంది, కిందకి దించితే సూట్‌లోకి పోతుంది. ట్యూబ్ బదులు లావుపాటి దారం, ఎలాస్టిక్ తాడు పెట్టేవాళ్లూ ఉన్నారు.

బాగానే ఉంది కదా? కానీ దీనికి కట్టాల్సిన మూల్యం ఉంది. గాలి వెళ్లే దారిలోంచే నీళ్లు కూడా వెళ్తాయి. గ్లోవ్ చిరిగితే ట్యూబ్ గుండా మురికి నీరు నేరుగా సూట్‌లోకి చేరుతుంది. ట్యూబ్ లేకపోతే తడిసేది ఆ ఒక్క చెయ్యే. మణికట్టు సీల్ రెండో గోడలా ఆపేస్తుంది. స్టెప్ 2లో సీల్ తీసేయొద్దు అన్నది ఇందుకే.

అంటే ఇక్కడ డైవర్ ఒక నిర్ణయం తీసుకోవాలి. చల్లటి, శుభ్రమైన, లోతైన నీళ్లయితే ట్యూబ్ వైపు మొగ్గు చూపొచ్చు. లోతు తక్కువ, నీరు మురికి, చుట్టూ పదునైన రేకులు ఉంటే సీల్‌ని పూర్తిగా మూసి ఉంచడమే మేలు. అప్పుడు గ్లోవ్ లాక్ చేసే ముందే లోపల కొంచెం గాలి ఉండేలా చూసుకుంటారు. వేళ్లని నలిపేయకుండా ఆ కాస్త లోతుకి అది సరిపోతుంది. రెండూ కావాలంటే కుదరదు. ఒకటి వదులుకోవాల్సిందే.

నీళ్లలో దిగే ముందే లీకు పట్టేయండి

సైకిల్ ట్యూబ్ పంక్చర్ ఎలా పట్టుకుంటారో గుర్తుందా? ఇదీ అంతే.

బకెట్ టెస్ట్: గ్లోవ్ బిగించి, లోపల టిష్యూ పేపర్ పెట్టి, రింగ్ దాకా నీళ్లలో ముంచి కాసేపు ఉంచాలి. తీశాక టిష్యూ తడిగా ఉంటే లీకు ఉన్నట్టే.

సబ్బు నీళ్ల టెస్ట్: సూట్ మెడ, చేతులు మూసి, కొంచెం గాలి నింపి, రింగ్ చుట్టూ సబ్బు నీళ్లు రాయాలి. బుడగలు వచ్చిన చోటే దొంగ దొరికినట్టు.

స్విమ్మింగ్ పూల్ టెస్ట్: కొత్త సిస్టమ్‌తో నేరుగా కాలువలోకి, నదిలోకి దిగొద్దు. ముందు పూల్‌లో అలవాటు పడాలి. గ్లోవ్ వేసుకున్న చేత్తో సూట్ వాల్వ్ నొక్కడం, క్లిప్ విప్పడం, కత్తి తీయడం, మాస్క్ సర్దుకోవడం.. ఇవన్నీ కళ్లు మూసుకుని చేయగలగాలి. బురద నీళ్లలో ఎలాగూ కనపడదు.

ఒక హెచ్చరిక. డైవ్ తర్వాత లైనర్ తడిగా ఉందంటే ప్రతిసారీ లీకే అనుకోవద్దు. బెజవాడ ఉక్కపోతలో చేతికి పట్టే చెమటే గ్లోవ్‌ని తడిపేస్తుంది. వేళ్ల కొసల దగ్గర అంతా సమంగా తడి ఉంటే చెమట కావచ్చు. రింగ్ దగ్గర ఒకవైపు నుంచి తడి మొదలైతే లీకు అని అనుమానించాలి.

వేసుకోవడం, వాడటం

మొదటి గ్లోవ్ ఎలాగోలా వేసుకోవచ్చు. రెండోది వేసుకునేటప్పుడే కష్టం. అప్పటికే ఒక చేతికి గ్లోవ్ ఉంటుంది కాబట్టి వేళ్లకి పట్టు దొరకదు. అందుకే ఒడ్డున ఒక మనిషి తోడుండాలి. ప్రొఫెషనల్ డైవింగ్‌లో ఈ పనికి ప్రత్యేకంగా ఒక సహాయకుడు ఉంటాడు.

ఆ సహాయకుడు చూడాల్సింది ఒక్కటే. రింగుల మధ్య ఏమీ ఇరుక్కోలేదు కదా? లైనర్ దారప్పోగు, చేతి వెంట్రుక, లోపలి చొక్కా అంచు.. లీకులకి ఎక్కువగా కారణం ఇవే. రింగ్ మొత్తం చుట్టూ వేలితో తడిమి, సందు సమానంగా ఉందో లేదో చూడాలి. తర్వాత చేతిని మెల్లగా లాగి చూడాలి. ఊడి రాకూడదు.

నీళ్లలోకి దిగాక నేరుగా కిందకి పోకూడదు. నడుం లోతులోనే ఆగి చేతులు ముంచి, రింగ్ దగ్గర బుడగలు వస్తున్నాయేమో సహాయకుడో, తోటి డైవరో చూడాలి. బుడగ కనిపిస్తే వెనక్కి రావాలి. ‘చిన్న లీకే కదా’ అనే మాట డైవింగ్‌లో పనికిరాదు.

కింద పని చేసేటప్పుడు చేతులు తల కన్నా ఎత్తులో ఎక్కువసేపు ఉంచితే, ట్యూబ్ ఉన్నవాళ్లకి గాలంతా గ్లోవ్‌లోకి చేరి చేతులు బెలూన్‌లా ఉబ్బుతాయి. వేళ్లు వంచలేరు. చేతులు ఛాతీ ఎత్తులో ఉంచుకుంటే ఆ బాధ ఉండదు.

కింద ఉండగా గ్లోవ్ చిరిగితే?

పదునైన రేకు తగిలి గ్లోవ్ కోసుకుపోయింది అనుకుందాం. ముందు కంగారు పడకూడదు. ఆ చేతిని పైకెత్తకూడదు. పైకెత్తితే చిరుగులోంచి గాలి బయటికి పోతుంది. ట్యూబ్ ఉంటే సూట్‌లో గాలి కూడా దాంతోపాటే పోయి డైవర్ బరువెక్కి మునిగిపోతాడు. బాగా కిందకి వేలాడదీసినా నీటి ఒత్తిడి ఎక్కువై నీళ్లు వేగంగా లోపలికి వస్తాయి. చేతిని ఒంటికి దగ్గరగా, ఛాతీ ఎత్తులో ఉంచి, తోటివాళ్లకి సైగ చేసి, మామూలు వేగంతో పైకి రావాలి. పని అక్కడితో ఆపేయాలి. తెగిన చేత్తో ‘ఇంకో ఐదు నిమిషాలు’ అనకూడదు.

గ్లోవ్ చిరగడం ఖాయం అనిపించే చోట, ఇనుము కోసే పనుల్లో, డ్రై గ్లోవ్ మీద కోత తట్టుకునే ఇంకో గ్లోవ్ వేసుకుంటారు. వేళ్లకి స్పర్శ కొంచెం తగ్గుతుంది. కానీ లోపలి గ్లోవ్ బతుకుతుంది.

పైకి వచ్చాక కూడా పని ఉంది

మురికి నీళ్ల నుంచి వచ్చిన డైవర్ వెంటనే గ్లోవ్ పీకేస్తే ఇంతసేపు పడ్డ కష్టం వృథా. గ్లోవ్ బయట ఉన్న మురికంతా చేతికే అంటుతుంది. సరైన వరుస ఇదీ: సూట్, గ్లోవ్స్ అన్నీ మూసి ఉండగానే పైనుంచి కిందకి మంచి నీళ్లతో కడగాలి. రింగుల దగ్గర, మడతల దగ్గర సబ్బుతో బ్రష్ చేయాలి. సూట్ కంపెనీ ఒప్పుకున్న డిసిన్ఫెక్టెంట్ మాత్రమే వాడి, మళ్లీ కడగాలి. ఆ తర్వాతే గ్లోవ్ లాక్ విప్పాలి. విప్పే సహాయకుడికీ గ్లోవ్స్ ఉండాలి.

అందుకే మురికి నీళ్ల పనికి బట్ట, స్పాంజి రకం సూట్ల కన్నా నున్నటి రబ్బరు సూట్లని ఇష్టపడతారు. మురికి లోపలికి ఇంకదు, కడిగితే పోతుంది.

ఆఖర్న ఓ-రింగులు తీసి, మంచి నీళ్లతో కడిగి, నీడలో ఆరబెట్టాలి. ఎండలో పెట్టొద్దు, కారు డిక్కీలో వదిలేయొద్దు. ఎండాకాలం బెజవాడలో డిక్కీ వేడికి లేటెక్స్ త్వరగా పాడైపోతుంది.

ఎండతోనూ జాగ్రత్త

చల్లటి దేశాల పుస్తకాల్లో పెద్దగా కనిపించని సమస్య మనకి ఒకటి ఉంది. అదే వడదెబ్బ. ఒంట్లో వేడి బయటికి పోవడానికి చెమట ఆరాలి. డ్రైసూట్, డ్రై గ్లోవ్ వేసుకుంటే చెమట ఆరే దారే లేదు. 40 డిగ్రీల ఎండలో సూట్ వేసుకుని ఒడ్డున అరగంట నిలబడితే నీళ్లలోకి దిగకముందే కళ్లు తిరుగుతాయి. కాబట్టి మన దగ్గర అన్నీ సిద్ధం చేసుకుని, సూట్ చివర్లో వేసుకుని, గ్లోవ్స్ అన్నింటికన్నా ఆఖర్న లాక్ చేయాలి. నీడ, తాగునీరు, సూట్ మీద నీళ్లు చల్లడం తప్పనిసరి. లోపల ఉన్ని లైనర్ అక్కర్లేదు, చెమట పీల్చే పల్చటి కాటన్ చాలు.

గ్లోవ్ ఒక్కటే సరిపోదు

మరో ముఖ్యమైన మాట. చేతులు పొడిగా ఉండి, నోట్లోకి మురికి నీళ్లు వెళ్తుంటే ఏం లాభం? మామూలు మాస్క్, నోట్లో పెట్టుకునే మౌత్‌పీస్ వాడితే ముఖం, పెదాలు నీళ్లలోనే ఉంటాయి. అందుకే మురికి నీళ్లలో డ్రై గ్లోవ్‌తోపాటు ముఖమంతా కప్పే మాస్క్ కానీ, హెల్మెట్ కానీ ఉండాలి. ఇవన్నీ కలిస్తేనే రక్షణ. డ్రైసూట్ వాడటానికి విడిగా ట్రైనింగ్ కూడా ఉంటుంది. వీడియోలు చూసి నేర్చుకునే విషయం కాదిది.

మరి మన గజ ఈతగాళ్ల సంగతి? 2017 నవంబర్ 12న ఇబ్రహీంపట్నం ఫెర్రీ దగ్గర పడవ బోల్తా పడినా, 2019 సెప్టెంబర్ 15న గోదావరిలో కచ్చులూరు దగ్గర బోటు మునిగినా, కాలువలో ఎవరైనా కొట్టుకుపోయినా ముందుగా గుర్తొచ్చేది వాళ్లే. గన్నవరం దగ్గర కొండపావులూరులో ఎన్డీఆర్ఎఫ్ పదో బెటాలియన్ ఉంది. అయినా ఘటన జరిగిన ఊళ్లో మొదట నీళ్లలోకి దూకేది చాలాసార్లు స్థానిక ఈతగాడో, జాలరో. ఒంటి మీద నిక్కరు, బనియను. చేతులకి ఏమీ ఉండదు.

వాళ్లందరికీ రేపటికల్లా డ్రైసూట్లు రావు. పైగా ట్రైనింగ్ లేకుండా ఇస్తే అదే ప్రమాదం. కానీ ఈ సిస్టమ్ వెనకున్న ఆలోచన మాత్రం వాళ్లకీ పనికొస్తుంది. చేతికి కోత ఉంటే మురికి నీళ్లలోకి దిగకపోవడం, దిగక తప్పనప్పుడు గట్టి రబ్బరు గ్లోవ్స్ వేసుకోవడం, పైకి రాగానే సబ్బుతో చేతులు కడుక్కోవడం, టెటనస్ ఇంజెక్షన్ వేయించుకుని ఉండటం. నీళ్లలో పనిచేశాక కొన్ని రోజుల్లో జ్వరం, ఒళ్లు నొప్పులు, కళ్లు ఎర్రబడటం కనిపిస్తే డాక్టర్‌కి ‘నేను మురికి నీళ్లలో దిగాను’ అని ముందే చెప్పడం. ఆ ఒక్క మాటతో ర్యాట్ ఫీవర్‌ని డాక్టర్ త్వరగా అనుమానించగలరు.

దిగే ముందు ఒక్క నిమిషం చెక్‌లిస్ట్

- గోళ్లు, ఉంగరాలు, వాచ్ చూసుకున్నారా?
- ఓ-రింగ్‌కి పగులు, గాడిలో ఇసుక లేవు కదా?
- గ్రీజు సరైనదేనా? పల్చగానే రాశారా?
- మణికట్టు సీల్ లోపల ఉందా?
- ట్యూబ్ పెట్టాలా వద్దా అన్నది ఈ నీటిని చూసి నిర్ణయించారా?
- రింగుల మధ్య దారప్పోగు, వెంట్రుక ఇరుక్కోలేదని సహాయకుడు చూశారా?
- నడుం లోతులో బుడగల టెస్ట్ అయ్యిందా?
- కడగడానికి మంచి నీళ్లు, సబ్బు ఒడ్డున రెడీగా ఉన్నాయా?

వీటిలో ఒక్కదానికి ‘లేదు’ అని జవాబు వచ్చినా ఆ డైవ్ ఆగాల్సిందే. ఆటోనగర్ మెకానిక్ సీల్ అనుమానంగా ఉంటే బండిని రోడ్డెక్కనివ్వడు. రబ్బరు ఖరీదు రూపాయల్లోనే అని అతనికీ తెలుసు. అది పోతే ఏం పోతుందో కూడా తెలుసు కాబట్టే కొత్తది వేసి పంపుతాడు. నీళ్లలో దిగే మనిషి చేతుల విషయంలోనూ అదే లెక్క.